మోకాలికి రక్ష పట్టీయా, పాఠమా?

బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమని మనకొక నానుడి ఉంది. పొంతన లేని రెంటిని కలిపినప్పుడు వాడుతాము. ఫుట్‌బాల్ ఆడే పిల్లల మోకాలికి బిగుతైన పట్టీ తొడిగి, ఇక భయం లేదని నిశ్చింతగా ఉండడం కూడా దాదాపు అటువంటి ముడియే అని నా అభిప్రాయం. 'దాదాపు' అని ఎందుకన్నానో చెప్పవలసి ఉంది.

ముందుగా పదార్థనిర్ణయం. మోకాలి పట్టీ అన్న ఒక్క పేరుతో రెండు వస్తువులు చలామణి అవుతున్నాయి. ఒకటి సాగే గుడ్డతో చేసిన తొడుగు. మందుల దుకాణంలో నీ క్యాప్ అని అడిగితే ఇచ్చేది ఇదే. రెండవది ఇరుపక్కలా కడ్డీలు, నడుమ తలుపు బందుల వంటి కీళ్ళు అమర్చిన కవచం. ఫుట్‌బాల్ అన్న మాటకూ రెండర్థాలున్నాయి. అమెరికావారు బంతిని చేతబట్టి పరుగెత్తే ఆట వేరు, తక్కిన లోకం కాలితో ఆడే ఆట వేరు. కవచం గాయాలను ఆపుతుందా అన్న పాత పరిశోధనల్లో ప్రసిద్ధమైనవి మొదటి ఆటకు చెందినవి. వాటిని రెండవదానికి యథాతథంగా అన్వయిస్తే అనర్థమే.

ఆ అమెరికా ఆటలోనైనా సాక్ష్యం ఏకముఖంగా లేదు. కళాశాల ఆటగాళ్ళపై 1987లో ప్రచురితమైన ఒక పరిశీలనలో కవచం ధరించినవారికే ఎక్కువ గాయాలైనట్టు తేలింది. వెస్ట్‌పాయింట్ సైనిక అకాడమీలో 1,396 మంది కేడెట్లపై రెండేళ్ళు జరిపిన ప్రయోగ ఫలితాలు 1990లో వెలువడ్డాయి. అక్కడ కవచం వల్ల గాయాల సంఖ్య తగ్గింది, కాని అయిన గాయాల తీవ్రత చెప్పుకోదగినంతగా తగ్గలేదు. ఆ ఆటలో ప్రత్యర్థి వచ్చి మోకాలిని బయటిపక్కనుంచి ఢీకొంటాడు. పక్కనున్న కడ్డీ ఆ దెబ్బను కొంత భరిస్తుంది. నా 'దాదాపు'కు కారణం ఇదే.

కాలితో ఆడే ఆటలో శత్రువు వేరు. తొడ ఎముకనూ కింది కాలి ఎముకనూ కీలు లోపల కట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటు తెగడమే అక్కడ పెద్ద గండం. అది చాలాసార్లు ఎవరూ తగలకుండానే తెగుతుంది. 2006 ప్రపంచకప్‌లో స్వీడన్‌తో ఆట మొదలైన కొద్ది క్షణాలకే ఇంగ్లండు ఆటగాడు మైకేల్ ఓవెన్ మోకాలు మెలిపడి కూలిపోయాడు. అతణ్ణి ఎవరూ తాకలేదు. పరుగులో హఠాత్తుగా దిశ మార్చినప్పుడు, ఎగిరి ఒంటికాలిపై దిగినప్పుడు మోకాలు లోపలికి వాలుతుంది, మెలి తిరుగుతుంది. తొడుగు పట్టుకునేది చర్మాన్నీ కండనూ మాత్రమే. లోపల ఎముక తిరగడాన్ని అది ఆపజాలదు.

మరి ఆపేదేది? స్వీడన్‌లో 12 నుంచి 17 ఏళ్ళ బాలికలు 4,564 మందిపై జరిగిన పరిశోధన 2012లో ప్రచురితమైంది. వారానికి రెండుసార్లు, పదిహేను నిమిషాల కసరత్తు నేర్పిన జట్లలో ఏసీఎల్ గాయాలు 64 శాతం తక్కువగా నమోదైనాయి. ఆ కసరత్తులో ఏమున్నవి? ఒంటికాలిపై గుంజీ, రెండుకాళ్ళ గుంజీ, నడుము ఎత్తడం, ఎగిరి మెత్తగా దిగడం వంటివి. మన బడుల్లో శిక్షగా తీయించే గుంజీ అక్కడ రక్షగా మారింది! పైసా ఖర్చు లేదు. కావలసినది మోకాలు పాదానికి సూటిగా ఉన్నదో లేదో గమనించి దిద్దే గురువు కన్ను.

తొడుగు పూర్తిగా నిరర్థకమనను. వెచ్చదనమిస్తుంది, ధైర్యమిస్తుంది. గాయపడినవారికి వైద్యుడు చెబితే తప్పక ధరించాలి. నా భయమల్లా ఆ ధైర్యం గురించే. పట్టీ ఉన్నదని కసరత్తు మానేస్తే అది రక్ష కాదు, భ్రమ.

ఆడపిల్లలకు ఈ గాయం మగపిల్లలకంటే ఎక్కువగా అవుతుందన్నది స్థిరపడిన విషయం. శస్త్రచికిత్స జరిగితే తిరిగి మైదానానికి రావడానికి తొమ్మిది నెలలైనా పడుతుంది. అసలే అయిష్టంగా ఆటకు పంపే ఇంట్లో ఆ తొమ్మిది నెలల తర్వాత అమ్మాయిని మళ్ళీ పంపుతారా? తెగేది ఒక్క లిగమెంటే కాదు.

తెలివిలేనివాణ్ణి మోకాల్లో బుర్ర ఉందని తిడతాము. ఈ ఆట విషయంలో మాత్రం మోకాలికి కొంత బుద్ధి నేర్పవలసిందే. పట్టీలు కొనడానికి ముందు, ఆటల పీరియడులో మొదటి పదిహేను నిమిషాలను ఆ చదువుకు కేటాయించమని వ్యాయామోపాధ్యాయులకూ తల్లిదండ్రులకూ నా మనవి.