కర్పూరం మూట

భయం వేసినప్పుడు మనిషికి మొట్టమొదట గుర్తుకొచ్చేది ముక్కు. కంటికి కనపడని శత్రువును ఘాటైన వాసనతో తరిమెయ్యవచ్చునని అనాదిగా మన నమ్మకం.

2021 ఏప్రిల్‌లో మా ఉప్పల్, నాచారం వీధుల్లో ఎవరి జేబు తడిమినా వాము, కర్పూరం కట్టిన చిన్న మూట దొరికేది. ఇదంతా మన పెద్దల వైద్యమని మా కాలేజీలో ఒకాయన గర్వపడ్డారు. "అమెరికా పెద్దలదీ అదేనండీ" అన్నాను.

1793 ఆగస్టు నుంచి నవంబరు దాకా ఫిలడెల్ఫియా నగరాన్ని పచ్చజ్వరం పట్టి పీడించింది. 50,000 మంది ఉన్న ఊళ్ళో సుమారు 5,000 మంది పోయారు. మిగిలినవాళ్ళు కర్పూరం, వెనిగర్ గుడ్డలు ముక్కుకు పెట్టుకుని, చెప్పుల్లో వెల్లుల్లి దాచుకుని, వీధి నడిమధ్యన నడిచారు. కరచాలనం మానేశారు. గాలి శుద్ధి అవుతుందని తుపాకులు సైతం పేల్చారు. తీరా చూస్తే దోషి దోమ! ఆ సంగతి 1900లో క్యూబాలో రుజువైంది. అంతకు మూడేళ్ళ ముందే మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్నాడు. మన దోమలకూ ఆమాత్రం చరిత్ర ఉంది.

వెల్లుల్లిని చూసి నవ్వుకోవచ్చు. నవ్వు రానిది మరొకటుంది. ఆనాడు రోగుల దగ్గరికి వెళ్ళడానికి జనం జంకితే, రిచర్డ్ అలెన్, అబ్సలోం జోన్స్ అనే నల్లజాతి పెద్దలు తమవారిని కూడగట్టి సేవ చేయించారు, శవాలు మోయించారు. జ్వరం తగ్గాక, ఆ సేవకుల్లో కొందరు జనాన్ని దోచుకున్నారని ఒక ప్రచురణకర్త రాశాడు. పాపం, 1794లో వారు పుస్తకం వేసి జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

మనమేం తక్కువ తిన్నామా? 2020 మార్చి 22 సాయంత్రం వైద్యులకూ నర్సులకూ కృతజ్ఞతగా మా వీధివీధంతా కంచాలు మోగించింది. నెల తిరక్కుండానే నాచారంలో మేమెరిగిన ఒక నర్సమ్మను గది ఖాళీ చెయ్యమన్నారు. "నీమీద కోపం లేదమ్మా, పిల్లలున్న ఇల్లు" అన్నారట. అద్దె బాకీ లేదు; ఆమె నేరమల్లా డ్యూటీకి వెళ్ళడం. మా ఆవిడ ఉండబట్టలేక వెళ్ళి, "రేపు మనకే దగ్గొస్తే చూసేదెవరు వదినా?" అని అడిగింది. ఆ ఇల్లాలు తలుపు వేసుకుంది. నర్సమ్మ వెళ్ళిపోయింది.

ఆ ఆగస్టులో మా ఉప్పల్ రోడ్డు మీది సి.సి.ఎం.బి., ఐ.ఐ.సి.టి. శాస్త్రజ్ఞులు నగరపు మురుగునీటిని పరీక్షించి, సుమారు 6.6 లక్షల మందికి రోగం సోకి ఉంటుందని లెక్కకట్టారు. గదిలోంచి పంపించేశామనుకున్న రోగం అప్పటికే మన కాలువల్లో పారుతోందన్నమాట!

మళ్ళీ అలాంటి జ్వరం రాకూడదనే కోరుకుందాం. వస్తే మాత్రం, మాస్కు కట్టుకోండి, చేతులు కడుక్కోండి, సరదా పడితే కర్పూరమూ కట్టుకోండి. నర్సమ్మ గది జోలికి మాత్రం పోకండి.