మీటర్లు చీకటైతే... ముందు వెనక చూడండి!

రాత్రి పూట బండి వెళ్తూ ఉంటుంది. హెడ్‌లైట్లు బ్రహ్మాండంగా వెలుగుతుంటాయి. డాష్‌బోర్డులో మాత్రం స్పీడెంతో, పెట్రోలెంతో కనిపించదు. పాత మారుతీ 800లూ, జెన్‌లూ, అంబాసిడర్లూ నడిపేవాళ్లకి ఇది కొత్తేం కాదు. సెల్‌ఫోను వెలుతురులో ఓసారి ముల్లు ఎక్కడుందో చూసుకుని, అలాగే కరీంనగర్ నుంచి మంచిర్యాల దాకా వెళ్లిపోతారు. 'గదేం గాదు సార్, మీటర్ల లైటే గదా' అని షెడ్డులో పిల్లాడు కూడా ధైర్యం చెబుతాడు.

పోయింది నిజంగా ఆ చిన్న బల్బులే అయితే ఫర్వాలేదు. కానీ చాలా పాత కార్లలో మీటర్ల వెనక లైట్లకూ, బండి వెనకుండే ఎర్ర లైట్లకూ కరెంటు వెళ్లేది ఒకే దారిలో. లైట్ల స్విచ్చును ఒక మెట్టు తిప్పితే ముందున్న పార్కింగ్ లైట్లు, వెనక టెయిల్ ల్యాంపులు, నంబరు ప్లేటు లైటు, డాష్‌బోర్డు... అన్నీ కలిసి వెలుగుతాయి. వీటన్నిటికీ చాలా బండ్లలో ఫ్యూజు ఒక్కటే. అది కాలిపోతే అన్నీ ఒకేసారి ఆరిపోతాయి. హెడ్‌లైట్లది వేరే దారి కాబట్టి అవి వెలుగుతూనే ఉంటాయి. నడిపేవాళ్లకి ముందున్న రోడ్డంతా పట్టపగల్లా కనిపిస్తుంది. వెనకొచ్చేవాళ్లకే బండి కనిపించదు. తన సీట్లో కూర్చున్న మనిషికి ఆ సంగతి తెలిపే గుర్తు ఒక్కటే... డాష్‌బోర్డు చీకటి!

హైదరాబాద్ నుంచి కరీంనగర్ మీదుగా రామగుండం వెళ్లే రాజీవ్ రహదారి మీద రాత్రిళ్లు తిరిగేవాళ్లకి దీని సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. గ్రానైట్ బండలు మోసే లారీలూ, బొగ్గు లారీలూ తిరిగే దారి అది. అంత బరువుతో వస్తున్న లారీ, ముందు కారుందని ఆఖరి క్షణంలో చూసి బ్రేకు వేస్తే వెంటనే ఆగదు. 'బ్రేకు తొక్కితే వెనక లైటు వెలుగుతోంది కదా' అని సర్దిచెప్పుకుంటే కుదరదు. బ్రేకు లైటుది ఇంకో దారి. టెయిల్ ల్యాంపులు పూర్తిగా పోయినా అది వెలుగుతుంది. వెనకున్న ఎర్ర లైట్లు 155 మీటర్ల దూరం నుంచి కనిపించాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలు చెబుతున్నాయి. ఏపీ 15, ఏపీ 1 నంబర్లతో ఇప్పటికీ తిరిగే ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల బండ్లకి పదిహేనేళ్లు దాటాక రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి వెళ్లినప్పుడు కూడా లైట్లు చూస్తారు.

అందుకని మీటర్లు చీకటవగానే చేయాల్సిన మొదటి పని బండి పక్కకి ఆపి, దిగి, వెనక్కి వెళ్లి చూడటం. వెనక కూడా చీకటే అయితే తప్పు ఫ్యూజుదో, స్విచ్చుదో, వైరుదో. వెనక ఎర్రగా వెలుగుతుంటే తప్పు డాష్‌బోర్డులోనే ఉండొచ్చు. సగం వెతుకులాట అక్కడికే తగ్గిపోతుంది. అయితే కొన్ని బండ్లలో కుడి ఎడమలకి వేర్వేరు ఫ్యూజులుంటాయి. రెండు వైపులా చూడాలి.

ఫ్యూజు పెట్టె స్టీరింగ్ కిందో, బానెట్ లోపలో ఉంటుంది. దేనికేదో మూత మీద రాసి ఉంటుంది. రెండు కాళ్ల ప్లాస్టిక్ ఫ్యూజులైతే రంగే లెక్క చెబుతుంది... ఎరుపు 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20. ఎరుపు పోతే ఎరుపే పెట్టాలి. మన దగ్గర ఇక్కడే పెద్ద తప్పు జరుగుతుంది. ఫ్యూజు దొరక్క సిగరెట్ పెట్టెలో వెండి కాగితం చుట్టి పెట్టేవాళ్లు, సన్న వైరు తీగ మెలేసి దూర్చేవాళ్లు ఉన్నారు. లైట్లు వెలుగుతాయి, నిజమే. కానీ లోపల షార్టు అలాగే ఉంటే ఈసారి కాలేది ఫ్యూజు కాదు, డాష్‌బోర్డు వెనక వైర్ల కట్ట. బండిలో నాలుగు ఫ్యూజులు అదనంగా పెట్టుకోవడం అంతకంటే ఎంతో చవక.

కొత్త ఫ్యూజు పెట్టగానే అదీ పోయిందా? షార్టు ఉందన్నమాటే. ఎక్కడో వెతకాలి. ముందుగా అనుమానించాల్సింది తర్వాత పెట్టించిన మ్యూజిక్ సిస్టమ్‌ని. సెట్టు మీద అక్షరాలు వెలగడానికి పార్కింగ్ లైటు వైరునుంచే ఓ పాయ లాగుతారు. టేపు ఊడి ఆ పాయ బాడీకి తగిలితే ఫ్యూజు నిలవదు. తర్వాత వెనక డోరుకో, డిక్కీకో వెళ్లే వైర్లు. తెరిచీ మూసీ, కీలు దగ్గర పైతొడుగు చిట్లిపోతుంది. ఇక ఎలుకలు! వడ్లు ఆరబోసిన వాకిట్లోనో, పత్తి నిల్వ చేసిన కొట్టం పక్కనో నెల రోజులు కదలకుండా ఉన్న బండిలో అవి వైర్లు కొరకలేదంటేనే ఆశ్చర్యం. అనుభవమున్న ఎలక్ట్రీషియన్లు ఊరికే ఫ్యూజులు కాల్చుకోరు. ఫ్యూజు స్థానంలో 12 వోల్టుల బల్బు ఒకటి తగిలించి, ఒక్కో కనెక్షనూ ఊడదీస్తూ వెళ్తారు. షార్టు ఉన్నంతసేపూ బల్బు భగ్గున వెలుగుతుంది. ఏది ఊడదీస్తే వెలుగు తగ్గిందో, దొంగ అక్కడ దొరికినట్టే.

వెనక లైట్లు బాగుండి డాష్‌బోర్డు ఒక్కటే చీకటైతే, ఏదైనా విప్పేముందు వెలుతురు తగ్గించే చిన్న చక్రం బండిలో ఉందేమో చూడండి. తుడిచేటప్పుడు చెయ్యి తగిలి అది పూర్తిగా కిందికి తిరిగిపోవడం మామూలే. పిల్లలున్న ఇంట్లో మరీను. పాత చక్రాల్లో దుమ్ము పేరుకుని కాంటాక్టు పోతుంది. అటూ ఇటూ పదిసార్లు తిప్పితే లైట్లు మిణుకుమన్నాయంటే జబ్బు తెలిసిపోయినట్టే.

అప్పటికీ కాకపోతే మీటర్ల డబ్బా బయటికి తీయాలి. ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ ఊడదీయాలి. స్క్రూలు విప్పాక డబ్బాని గుంజకూడదు... పాత బండ్లలో స్పీడోమీటరుకి వెనక కేబుల్ తగిలించి ఉంటుంది. దాన్ని విడిపించాకే బయటికి తేవాలి. వెనక చిన్న హోల్డర్లు కనిపిస్తాయి. చాలా బండ్లలో పావు చుట్టు తిప్పితే వచ్చేస్తాయి. ఒక్క మూలే చీకటైతే బల్బు పోయినట్టు. అన్నీ ఒక్కసారిగా పోతే బల్బుల్ని అనుమానించడం దండగ, ఎర్త్ వైరునీ, వెనక ప్లగ్గునీ చూడాలి. చలికాలంలో ఆదిలాబాద్ వైపు మంచులో ఆరుబయట నిలిపే బండ్లకి ఈ కాంటాక్టుల మీద పచ్చగా చిలుము పడుతుంది. సన్న గరుకు కాగితంతో మెల్లగా రుద్దితే చాలు. కానీ వెనక పల్చటి రాగి గీతల షీటు ఉన్నచోట చెయ్యి తేలిగ్గా ఉండాలి, గీత తెగితే మొదటికే మోసం.

బల్బు కొనేటప్పుడు 'ఎక్కువ వెలుగిస్తుంది' అని పెద్ద వాట్లది ఇస్తే వద్దనాలి. ఆ వేడికి హోల్డరు కరుగుతుంది. ఎల్‌ఈడీ పెడితే వేడి తక్కువే. కాకపోతే కొన్ని ఒక పక్కకే వెలుగుతాయి. వెలగకపోతే పాడైందని పారేయకుండా తిప్పి పెట్టి చూడాలి.

డబ్బా విప్పారు కాబట్టి ఇంకో సంగతి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం తిప్పగానే నూనె డబ్బా బొమ్మ, బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలగాలి. ఈ హెచ్చరిక లైట్లది వేరే దారి, మీటర్లు చీకటైనా ఇవి పనిచేయాలి. బ్యాటరీ బొమ్మ బల్బు పోతే చాలా పాత బండ్లలో ఆల్టర్నేటరు ఛార్జింగే మొదలుపెట్టదు. ఇక టెంపరేచర్ ముల్లు సంగతి... నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కేటప్పుడు పాత ఇంజిను వేడెక్కడం వింతేం కాదు. చీకట్లో ముల్లు ఎరుపులోకి వెళ్లడం కనిపించకపోతే, రూపాయల్లో పోయే బల్బు బేరం హెడ్ గ్యాస్కెట్ దాకా వెళ్తుంది.

బాగుచేశాక స్క్రూలన్నీ బిగించకుండానే బ్యాటరీ తగిలించి లైట్లు వేసి చూసుకోండి. స్పీడోమీటరు కేబుల్ సరిగ్గా కూర్చుందో లేదో నాలుగడుగులు నడిపితే తెలుస్తుంది. చీకటి పడ్డాక బండి వెనక భాగాన్ని గోడకి దగ్గరగా నిలిపితే, రెండు ఎర్ర వెలుగులూ పడ్డాయో లేదో సీట్లోంచే అద్దంలో చూడొచ్చు.