మనిషి కంపెనీ మారితే పని ఎవరిది?

బడి కంప్యూటర్ గదిలో ఒకటి లినక్స్‌తో, మరొకటి విండోస్‌తో నడుస్తుంటుంది. ఒకదాంట్లో దాచిన ప్రశ్నపత్రాన్ని రెండోదాంట్లో తెరవగలుగుతున్నామంటే, చాలాచోట్ల ఆ రెంటినీ కలుపుతున్నది సాంబా అనే సాఫ్ట్‌వేర్. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ 1990ల ఆరంభంలో మొదలుపెట్టిన ఈ పనిని పెంచి పెద్దచేసిన వారిలో ముఖ్యుడు జెరెమీ అలిసన్. ఆయన ఉద్యోగాలు మారిన తీరులో మన తెలుగు బడులకు పనికొచ్చే సంగతి ఉంది.

2006లో అలిసన్ నోవెల్ కంపెనీలో ఉన్నారు. సూసే లినక్స్ అప్పటికి ఆ కంపెనీదే. నవంబరు 2న నోవెల్, మైక్రోసాఫ్ట్ ఒక ఒప్పందం ప్రకటించాయి. నోవెల్ దగ్గర లినక్స్ కొన్న ఖాతాదారులపై పేటెంట్ దావా వేయబోమని మైక్రోసాఫ్ట్ మాటిచ్చింది. మరి అదే సాఫ్ట్‌వేర్‌ను వేరేచోట తెచ్చుకున్నవారి మాటేమిటి? వారికి ఆ అభయం లేదు. లైసెన్సు అక్షరానికి భంగం లేకపోయినా దాని ఉద్దేశానికి ఇది విరుద్ధమని అలిసన్ వాదించారు. డిసెంబరులో రాజీనామా చేసి గూగుల్‌కు వెళ్లారు. 2007 జూన్‌లో వచ్చిన జీపీఎల్ మూడో కూర్పులో ఇలాంటి ఒప్పందాలను అడ్డుకునే షరతులు చేరాయి. చాలా ఏళ్ల తర్వాత ఆయన సీఐక్యూలో చేరారు. రాకీ లినక్స్‌కు అండగా నిలిచి, దానికి సాంకేతిక సాయం అమ్ముకునే సంస్థ అది. రెడ్ హ్యాట్‌కు నేరుగా పోటీ.

యజమాని మారిన ప్రతిసారీ సాంబా మాత్రం ఆగలేదు. కోడ్ కాపీరైట్ రాసినవారి పేరునే ఉండాలి, జీతమిచ్చే కంపెనీ పేరున వద్దని అప్పట్లో ఆ బృందం నియమం పెట్టుకుంది. లైసెన్సు ఎలాగూ అందరిదీ. అందుకే అటు నోవెల్ ఆ కోడ్‌ను వాడుకోగలిగింది, ఇటు ఆయన గూగుల్‌లో కూర్చుని రాయగలిగారు. నోవెల్‌కు పోయింది ఆయన సమయం, అనుభవం మాత్రమే. ఆ ‘మాత్రమే’ చిన్నదేం కాదు లెండి.

మన సంగతికి వద్దాం. రెడ్ హ్యాట్ అండతో వచ్చిన లోహిత్ తెలుగు ఫాంటు స్వేచ్ఛా లైసెన్సుతో ఉంది. హోసూరు బడి కంప్యూటర్ నుంచి దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. కానీ ఎక్కడైనా ఒక వత్తు తప్పుగా పడితే సరిదిద్దడానికి మనిషి కూర్చోవాలి. ఆ మనిషిని లైసెన్సు ఇవ్వదు.

బళ్లారిలోనైనా బరంపురంలోనైనా, తెలుగు టైపింగ్ వచ్చిన టీచరు బడికి ఒక్కరుంటే గొప్ప. ఏళ్లనాటి ప్రశ్నపత్రాలు, అభ్యాస పత్రాలు వారి పెన్‌డ్రైవులోనే, అదీ పాత డీటీపీ ఫాంటులో ఉంటాయి. బదిలీ అయ్యాక ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తాయి. వెళ్లిన టీచరును తప్పుపట్టలేం, ఏర్పాటు చేసుకోనిది మనమే. యూనికోడ్‌లో టైపు చేయించి, రాసినవారి పేరు వేసి, ఒక ప్రతిని బడి పేరున ఉన్న ఖాతాలో ఉంచాలి. మరో బడి వాడుకోవచ్చని టీచరుతో ముందే కాగితం మీద రాయించుకోవాలి. అప్పుడు యానాంలో చేసిన సంధుల అభ్యాసం షోలాపూర్ పిల్లలకూ అందుతుంది. పాఠ్యపుస్తకాలు వేరైనా సవర్ణదీర్ఘం ఒక్కటేగా!

వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో రెండు ప్రశ్నలు అడగండి. మన బడి తెలుగు ఫైళ్లు ఎవరి దగ్గర, ఏ ఫాంటులో ఉన్నాయి? వాటిని తెరవడం తెలిసిన రెండో మనిషి ఎవరు?