పేటలో కాపురం: బడి కోసమా, భయం వల్లనా?

వేసవి సెలవులు ముగిసే రోజుల్లో పల్నాటి పల్లెల నుంచి నరసరావుపేట వైపు వచ్చే ట్రాక్టర్లను, ఆటోలను గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. వాటిలో మిర్చి టిక్కీలు వుండవు. మంచాలు, గ్యాసు పొయ్యి, బియ్యం బస్తా, పుస్తకాల సంచులు వుంటాయి. సామాను మధ్య పిల్లలు, వారితో తల్లో నాయనమ్మో కూర్చుని వుంటారు. ఇంటి యజమాని మాత్రం సామాను దించి, పొద్దు గూకేలోగా తిరిగి ఊరు చేరుకుంటాడు. పొలం విడిచి రాలేడు గదా! ఒక కుటుంబం రెండు చోట్ల పొయ్యి వెలిగించడం ఇప్పుడు పల్నాడులో వింతేమీ కాదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పిల్లల చదువు కోసం పట్నంలో ఇల్లు ఎంచుకోవడం ఆ రెండింటికీ తీసిపోయే పని కాదు. అయినా చాలామంది ఒక్క పూటలో తేల్చేస్తున్నారు. బావమరిది వున్న వీధి అనో, ఫలానా కాన్వెంటు పేరు గొప్ప అనో అడ్వాన్సు ఇచ్చేస్తున్నారు. ఏడాది తిరగకముందే మరో ఇల్లు, మరో బడి వెతుక్కుంటున్నారు. నష్టపోయేది పిల్లలు.

నీళ్ళు తెచ్చిన మార్పు

ఈ వలస నిన్నా మొన్నటిది కాదు. ఒకప్పుడు వానదేవుని నమ్ముకుని జొన్న, సజ్జ పండించుకున్న మెట్ట ప్రాంతమిది. 1955 డిసెంబర్ 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. కుడికాలువ కింద వరి, పత్తి, మిర్చి పెరిగాయి. చేతిలో నాలుగు రూపాయలు ఆడిన రైతు మొదట ఆలోచించింది పిల్లవాడి చదువు గురించే. నరసరావుపేటలో 1950 నుంచీ ఎస్.ఎస్.ఎన్. కళాశాల వుంది. 1972లో తాడికొండలో గురుకుల పాఠశాల వచ్చింది. తర్వాత గుంటూరు ప్రయివేటు చదువులకు పేరుబడింది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడి, నరసరావుపేట జిల్లా కేంద్రమైంది. దానితో పేటలో అద్దె ఇళ్ళకు గిరాకీ మరింత హెచ్చింది.

నోరు విప్పని కారణం

చదువు పైకి చెప్పే కారణం. పైకి చెప్పనిది మరొకటి వుంది. పల్నాటి పల్లెల్లో 'పార్టీ' అంటే జెండా ఒక్కటే కాదు. ఏ వీధిలో నడవాలో, ఎవరి అరుగు మీద కూర్చోవాలో కూడా అదే నిర్ణయిస్తుంది. 2019 సెప్టెంబర్‌లో దుర్గి మండలం ఆత్మకూరు కుటుంబాల వ్యవహారం రాష్ట్రమంతటా వినిపించింది. ఊళ్ళో వుండలేకపోతున్నామన్న వారికి గుంటూరులో శిబిరం పెట్టవలసి వచ్చింది. 2024 మే 13 పోలింగ్ నాడు, ఆ తర్వాత జరిగిన ఘర్షణల దరిమిలా 144వ సెక్షన్ విధించారు. ఎన్నికల సంఘం జిల్లా ఎస్పీని సస్పెండు చేసి, కలెక్టరును బదిలీ చేసింది. ఎవరి వాదన వారికి వుండవచ్చు. ప్రభుత్వం మారినప్పుడల్లా ఊరు విడిచే వారి పేర్లు మారుతున్నాయే తప్ప ఊరు విడవడం ఆగడం లేదన్నది మాత్రం కాదనలేని నిజం.

ఊరు విడవడం ఈ గడ్డకు కొత్త కాదు. కోడిపోరులో ఓడి మాచర్ల వీరులు ఏడేళ్ళు పరదేశం పట్టిన కథ పల్నాట తెలియనివారు లేరు. అయితే ఆ కథ ముగింపు కూడా అందరికీ తెలిసిందే. ఊరు మారినంత మాత్రాన పగ చల్లారలేదు. 2024లో గొడవలు జరిగిన చోట్లలో నరసరావుపేట పట్టణం కూడా వున్నదని మరచిపోరాదు. కనుక భయంతో వచ్చే కుటుంబం తమ పార్టీ వారు గుమిగూడిన వీధి వెతుక్కుంటే ఊరి తగాదాను నెత్తిన పెట్టుకుని పట్నం తెచ్చుకున్నట్టే అవుతుంది. నాలుగు రకాల జనం కలిసి వుండే వీధిలో, ఉద్యోగస్తులు, చిన్న వ్యాపారులు కాపురాలుండే చోట పిల్లలకు నిశ్చింత ఎక్కువ.

ఏ ఊరు మేలు?

గుంటూరా, పేటా అన్నది మరో ప్రశ్న. మాచర్ల, గురజాల వైపు వారికి గుంటూరుకు నేరుగా రైలుంది. అది నడికుడి, పిడుగురాళ్ళ, సత్తెనపల్లి మీదుగా పోతుంది. నరసరావుపేట గుంతకల్లు మార్గంలో వున్నందున మాచర్ల నుంచి నేరుగా రైలు లేదు. బస్సే దిక్కు. అదే వినుకొండ వైపు వారికి రైలు కూడా పేట మీదుగానే వెళుతుంది. నెలకు నాలుగుసార్లు తండ్రి వచ్చిపోవాలి. ఇంట్లో పెద్దలకు జబ్బు చేస్తే తల్లి ఊరికి పరుగెత్తాలి. దారి ఖర్చు, సమయం లెక్క వేసుకోకుండా ఊరిని ఎంచడం తెలివైన పని కాదు.

గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురం పేర్లు పల్లెల్లో అందరికీ తెలుసు. బడులు, ఆసుపత్రులు దగ్గర. అద్దె మాత్రం సామాన్య రైతు మోయగలిగింది కాదు. అద్దె తక్కువని ఊరి చివర కాలనీకి పోతే, పిల్లలు రోజూ గంటల తరబడి బడి బస్సుల్లో నలగవలసి వస్తుంది. పేటలోనూ అంతే. ప్రకాష్‌నగర్, బరంపేట, రామిరెడ్డిపేట వంటి పాతచోట్లకు, రోడ్ల వెంట కొత్తగా వెలసిన కాలనీలకు తేడా వుంది. పదో తరగతి వరకూ సొంత మండల కేంద్రమో, మాచర్ల, గురజాల, పిడుగురాళ్ళలో ఒకటో సరిపోయే కుటుంబాలు ఎన్నో వున్నాయి. దూరపు కొండలు నునుపు అన్న సామెత ఊరికే పుట్టలేదు.

పగలు కాదు, రాత్రి చూడాలి

ఇల్లు చూడడానికి ఆదివారం పగటిపూట వెళితే వీధి అందంగానే కనిపిస్తుంది. రాత్రి తొమ్మిది గంటలకు మళ్ళీ వెళ్ళాలి. దీపాలు వెలుగుతున్నాయా? మలుపులో మద్యం దుకాణం వుందా? ట్యూషను నుంచి ఆడపిల్ల ఒంటరిగా నడిచి రాగల దారేనా? ఇవి ఇంటి యజమాని చెప్పడు. పక్కింటి ఆడవారిని అడిగితే తెలుస్తాయి.

రెండోది నీరు. పట్టణాలకు సాగర్ కాలువ నీటిని చెరువుల్లో నిలవచేసి ఇస్తారు. కాలువ కట్టేసిన వేసవిలో కుళాయి ఎన్ని రోజులకు ఒకసారి వస్తుందో, బోరు నీరు తాగదగినదో కాదో అడగాలి. మూడోది ఎండ. రెంటచింతల ఎండ రాష్ట్రానికంతటికీ తెలుసు. తక్కువ అద్దెకు దొరికే మేడమీది రేకుల గదిలో ఏప్రిల్ పరీక్షలకు పిల్లవాడు ఎలా చదువుతాడు? నాలుగోది రోడ్డు. పిడుగురాళ్ళ, దాచేపల్లిలో అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారిపై లారీల రద్దీ చెప్పనవసరం లేదు. బడికి పోవాలంటే అటువంటి రోడ్డు దాటవలసిన ఇల్లు ఎంత చవకైనా వద్దనుకోవడమే మంచిది. పిల్లలు నడిచిపోగల దూరంలో బడి వుంటే తల్లికి సగం బరువు దిగినట్టే.

బోర్డు చూసి మోసపోరాదు

ఇక బడి. రంగుల బోర్డు, ర్యాంకుల ఫొటోలు చూసి చేర్చేవారే ఎక్కువ. ప్రభుత్వ గుర్తింపు వుందా, ఏ తరగతి వరకు వుంది, గత ఏడాది చెప్పిన పంతుళ్ళలో ఎందరు మిగిలారు, ఆడుకోవడానికి జాగా వుందా, ఆడపిల్లలకు మరుగుదొడ్లు శుభ్రంగా వున్నాయా అని అడిగేవారు తక్కువ. ఫీజు ఎంతని అడిగితే చాలదు. పుస్తకాలు, దుస్తులు, బస్సు కలిపి ఏడాదికి ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోవాలి.

చాలామంది రైతులకు తెలియని ముఖ్య విషయం ఒకటుంది. జిల్లాలో చిలకలూరిపేట మండలం మద్దిరాలలో నవోదయ విద్యాలయం వుంది. ఆరో తరగతి నుంచి చదువు, భోజనం, వసతి అక్కడే. అందులో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ విద్యార్థులకే. అయితే ఆ కోటా దక్కాలంటే 3, 4, 5 తరగతులు పూర్తిగా గ్రామీణ ప్రాంత బడిలోనే చదివి వుండాలి. మంచి చదువు కోసమని మూడో తరగతిలో పేటకు మార్చిన పిల్లవాడు ఆ అవకాశాన్ని చేజేతులా పోగొట్టుకుంటున్నాడు. తొందరపాటు ఖరీదు ఇంత!

విద్యాహక్కు చట్టం కింద ప్రయివేటు బడులలో ఒకటో తరగతి సీట్లలో 25 శాతం పేద, బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. 2009లో చేసిన చట్టమిది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. బడికి దగ్గరలో నివసించే వారికి ఇందులో ప్రాధాన్యం వుంటుంది. కనుక ఇల్లు ఎక్కడన్నది బడి సీటును కూడా నిర్ణయిస్తుంది. అర్హులైన వారు ఇల్లు మారే ముందే దరఖాస్తు గడువు కనుక్కోవాలి.

స్థలం కొనేవారికి

అద్దె కడుతూ కూర్చోవడం కన్నా పొలంలో ఎకరం అమ్మి ప్లాటు కొందామనే వారూ వున్నారు. లేఅవుటుకు అనుమతి వుందా, ఈసీ, లింకు దస్తావేజులు సరిగా వున్నాయా, ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ నిషేధిత జాబితాలో వుందా అన్నది చూసుకోకుండా బయానా ఇవ్వరాదు. 500 చదరపు మీటర్లు మించిన లేఅవుటు, ఎనిమిది మించిన ఫ్లాట్ల కట్టడం 2016 నాటి రెరా చట్టం కింద నమోదు కావాలి. వాగు పక్కన, చెరువు కట్ట కింద చవకగా వచ్చే ప్లాటు వానాకాలంలో చూసి కొనాలి. పిల్లల చదువు పదేళ్ళకు ముగుస్తుంది. అమ్మిన పొలం తిరిగి రాదు.

'మీరేవిటి?' అనే ప్రశ్న

వీధులను తూచి ఎంచుకునే స్వేచ్ఛ అందరికీ సమానంగా లేకపోవడం శోచనీయం. 'టు లెట్' బోర్డు చూసి తలుపు తట్టిన వారిని ముందు అడుగుతున్నది అద్దె ఇవ్వగలరా అని కాదు, మీరేవిటి అని. దళిత కుటుంబమైనా, ముస్లిం కుటుంబమైనా ఉద్యోగం, జీతం, మంచి నడవడి వుండి కూడా ఇల్లు దొరకక ఊరి చివరకు పోవలసి వస్తున్నది. వారి పిల్లలకు బడి దూరం, దీపం దూరం. చాపకూడు పుట్టిన నేల ఇది. కారంపూడి వీరుల తిరునాళ్ళలో అన్ని కులాలవారూ నేటికీ ఒకే పంక్తిలో కూర్చుని భోజనం చేస్తారు. ఏడాదికి ఒక పూట కలిసి తిన్నవారు, అద్దె గది దగ్గర కులం అడగడం ఏం న్యాయం?

వెళ్ళలేని వారి మాట

పట్నం వెళ్ళగలిగిన వారంతా వెళితే ఊరి బడి ఏమవుతుంది? మోతుబరి పిల్లలు పోతారు. వారి వెనుక ఓ మోస్తరు రైతుల పిల్లలు పోతారు. మిగిలేది కూలీల పిల్లలు. బడిలో పంతులు రాకపోతే మండలాఫీసులో అడిగే గొంతు వుండదు. పిల్లలు తగ్గారని పోస్టు తీసేస్తారు. 2022లో 3, 4, 5 తరగతులను చాలాచోట్ల హైస్కూళ్ళకు కలిపారు. 2025లో ఆ ఉత్తర్వును రద్దుచేసి మరో పద్ధతి తెచ్చారు. ఉత్తర్వులు మారినప్పుడల్లా చిన్న పిల్లల దారి మారుతున్నది.

2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. ఆడపిల్ల ఇంటినుంచే హైస్కూలుకు, కాలేజీకి వెళ్ళిరావడానికి ఇంతకన్నా మంచి అవకాశం లేదు. అయితే టిక్కెట్టు లేకపోవడం ఒక్కటే చాలదు, బస్సు కూడా వుండాలి గదా! బడి వేళకు వచ్చి, బడి వదిలే వేళకు తిరిగి చేర్చే బస్సు వున్న ఊళ్ళో చాలా కుటుంబాలకు పేటలో రెండో కాపురం అవసరమే వుండదు. ఆర్టీసీ అధికారులు ఒక్కొక్క మండలంలో బడి వేళలను చూసి బస్సుల వేళలు సవరించవలసి వుంది. అలాగే ఎన్నికల నాడు బందోబస్తు పెట్టి మర్నాడు తీసివేయడం కాకుండా, ఊరు విడిచిన కుటుంబాలు తిరిగి వచ్చి తమ పొలం తాము దున్నుకునే దాకా పోలీసు శాఖ బాధ్యత వహించాలి. రెండు పార్టీల పెద్దల పిల్లలూ పట్నాల్లో క్షేమంగా చదువుతుంటే, ఊళ్ళో కర్రలు పట్టేది పేదవారి పిల్లలన్న సంగతి గ్రామస్తులు ఇకనైనా గుర్తించాలి.

చదువు కోసం పట్నం పోవడం తప్పు కాదు. పోయేవారు వీధిని రాత్రిపూట చూసి, బడిని లోపలికి వెళ్ళి చూసి, దారిని పిల్లవాడి కాళ్ళతో కొలిచి ఇల్లు ఎంచుకోవాలి. వెళ్ళినవారు ఊరి బడి కమిటీని, ఊరి రచ్చబండను మరచిపోరాదు. భయంతో ఊరు విడవవలసిన అగత్యం ఏ ఒక్క కుటుంబానికీ లేని రోజున, పల్నాడులో ఇల్లు ఎంచుకోవడం నిజంగా ఎంచుకోవడం అవుతుంది. అంతవరకు దానిని వలస అనే అనాలి.