గోడకు పడ్డ కన్నం

ఈ కన్నం దొంగ వేసింది కాదు. గోడ కట్టిన మేస్త్రీయే సందు వదిలేశాడు. ఆపిల్ కంపెనీ 2021లో వదిలిన సఫారి 15 బ్రౌజర్ సంగతి ఇది.

బ్రౌజర్ అంటే ఇంటర్నెట్ చూసే కిటికీ. అందులో బ్యాంకు సైటు గది వేరు, ఉత్తరాల సైటు గది వేరు. ఒక గదిలోది ఇంకో గదివాడు చూడగూడదు. బ్రౌజర్లన్నిటికీ ఇది మూల కట్టడి. సఫారి 15 ఈ కట్టడి తప్పింది. ఇండెక్స్‌డ్ డీబీ అనే అరలో ఒక సైటు తన పెట్టె పెట్టుకుంటే, ఆ పెట్టె పేరు పక్కన తెరిచిన సైట్లకు కూడా కనబడింది.

పేరే గదా, లోపలి సరుకు పోలేదు గదా అనేవాళ్లుంటారు. కానీ గూగుల్ సైట్లు పెట్టె పేరులోనే మనిషి ఖాతా నెంబరు రాశాయి. ఆ నెంబరు దొరికితే ఫొటో దాకా పోవచ్చు. ఏ సైటు చూస్తున్నామో తెలిస్తే మన అవసరమేదో, భయమేదో తెలిసినట్టే. ప్రైవేట్ కిటికీ తెరిచినా ఇది పూర్తిగా ఆగలేదు.

ఫింగర్‌ప్రింట్‌జేఎస్ అనే సంస్థ ఈ లోపం కనిపెట్టి 2021 నవంబరు 28న తెలియజేసింది. సైట్లకు వచ్చేవాళ్లను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ అమ్మడమే ఆ సంస్థ వ్యాపారం! అయినా కబురు చెప్పింది. రిపేరు మాత్రం రాలేదు. 2022 జనవరి మధ్యలో విషయం లోకానికి చెప్పేశాక ఇంజనీర్లు కదిలారు. జనవరి 26న అప్‌డేట్ వచ్చింది. అంటే తెలిసి కూడా రెండు నెలలు కన్నం అట్లాగే ఉంది.

ఇంకో బ్రౌజర్ వాడుకోవచ్చు గదా? కంప్యూటర్‌లో అయితే వాడుకోవచ్చు. ఐఫోన్‌లో ఆ దారి లేదు. పేరు ఏదైనా లోపలి యంత్రం ఆపిల్‌దే ఉండాలని కంపెనీ నిబంధన. చట్టం పట్టుబట్టాకనే, 2024లో యూరోపియన్ యూనియన్ దేశాల్లో దాన్ని సడలించింది. అడిగితే ఇచ్చింది కాదు, చట్టం ఇప్పించింది!

తప్పు కంపెనీది, జాగ్రత్త మాత్రం మనది అంటే ఎట్లా? లోపం తెలిసిన నాడే జనానికి చెప్పాలి. పాత ఫోన్లకు కూడా రిపేరు ఇవ్వాలి. ఏ బ్రౌజర్ వాడాలో వాడేవాళ్లే తేల్చుకోవాలి. అందాకా ఫోన్ అప్‌డేట్ అడిగితే వాయిదా వేయకండి. పని అయిపోగానే ఖాతా నుంచి బయటికి రండి. పక్కవాళ్లకూ చెప్పండి.

మన ఇంటి గుట్టు మన సొత్తు. దానికి కాపలా అడగడం మన హక్కు.