పాత కారుకి దాహం వేయదు

మొన్న మే నెలలో ఓ పొద్దున మా బావగారి దగ్గర్నుంచి ఫోను. ''ఏమోయ్, బెజవాడ పెళ్లికి బయల్దేరాం. నకిరేకల్ దాటాక వేడి ముల్లు పైకెళ్లింది. ఏసీ ఆపేశాను. ఇప్పుడు ముల్లు ఒక్కసారిగా కిందికి వచ్చేసింది. సర్దుకున్నట్టేగా?''

నా గుండె జారింది. ''బావగారూ, ఉన్నచోటే పక్కకి తీసి ఇంజిన్ ఆపేయండి'' అన్నాను.

''సూర్యాపేట ఇంకో ఇరవై కిలోమీటర్లేనోయ్. అక్కడైతే మెకానిక్కులుంటారు'' అంటూ నా మాట పూర్తికాకుండానే పెట్టేశారు.

సూర్యాపేట రాలేదు. ఎనిమిది కిలోమీటర్లు వెళ్లాక ఇంజిన్ ఆగిపోయింది. అక్కయ్య, ఇద్దరు పిల్లలు, పెళ్లికూతురికి పెట్టాల్సిన చీరలు... అందరూ అన్నీ ఎండలో రోడ్డు పక్కన. వీళ్లు బస్సు పట్టుకుని బెజవాడ చేరేసరికి తలంబ్రాలు కూడా అయిపోయాయి.

షెడ్డులో విప్పి చూస్తే తేలిందేమిటి? రేడియేటర్ నుంచి ఇంజిన్‌కి వెళ్లే రబ్బరు గొట్టానికి సన్నటి పగులు. కొన్ని వందల రూపాయల వస్తువు. దాంతో నీళ్లన్నీ పోయి, సిలిండర్ హెడ్ వంగి, గాస్కెట్ కాలిపోయింది. హెడ్‌ని లేత్ షాపుకి పంపడం, కారుని లాక్కురావడం అన్నీ కలిపి బిల్లు రూ.30 వేల పైచిలుకు!

''ముందేమీ తెలియలేదా?'' అని అడిగాను. ''తెలియకేం, నెలన్నరగా పొద్దున్నే అరలీటరు నీళ్లు పోస్తూనే ఉన్నాను. పాత కారు కదా, తాగుతుందనుకున్నాను'' అన్నారు.

అక్కడే ఉంది అసలు సంగతి. కారుకి దాహం వేయదు. ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు మూసి ఉన్న గొట్టాల్లోనే తిరుగుతుంటాయి. తరచూ పోయాల్సి వస్తోందంటే ఎక్కడినుంచో పోతున్నాయనే అర్థం. ఆయన కారు 1,80,000 కిలోమీటర్లు తిరిగింది. అంత తిరిగిన కారు మొరాయించడం తప్పు కాదు. కానీ ఏ లక్షణం కనిపిస్తే ఉన్నచోటే ఆగాలో, దేనికి మెల్లగా షెడ్డుదాకా వెళ్లొచ్చో ఇంట్లో నడిపేవాళ్లందరికీ తెలియాలి.

ఇవి కనిపిస్తే ఆగిపోండి

వేడి ముల్లు: ఎప్పుడూ మధ్యలో ఉండే ముల్లు ఎర్రగీత వైపు వెళ్తుంటే ఏసీ ఆపండి. ట్రాఫిక్‌లో ఉండి వెంటనే పక్కకి తీసే వీలు లేకపోతే హీటర్‌ని పూర్తిగా తిప్పి ఫ్యాను పెంచండి. ఇంజిన్ వేడిని కొంత అది లాగేస్తుంది. మీకు చెమటలు పట్టినా ఇంజిన్ బతుకుతుంది. వీలు దొరకగానే ఆపేయండి. బావగారికి జరిగినట్టు పైకెళ్లిన ముల్లు హఠాత్తుగా పడిపోతే అసలు సంబరపడొద్దు. నీళ్లు పూర్తిగా అయిపోయి, వేడిని కొలిచే సెన్సర్‌కి ఏమీ తగలనప్పుడు కూడా ముల్లు అలా పడిపోతుంది.

ఆపాక బానెట్ ఎత్తండి. రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోవద్దు. లోపల నీళ్లు ఒత్తిడిలో ఉంటాయి కాబట్టి వంద డిగ్రీలు దాటినా మరగవు. మూత తీయగానే ఆవిరై ముఖం మీదికి చిమ్ముతాయి. కనీసం ముప్పావుగంట ఆగి, మందపాటి గుడ్డతో పట్టుకుని మెల్లగా తిప్పాలి. వేడి ఇంజిన్‌లో చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్ పగిలే ప్రమాదముంది.

ఎర్రటి ఆయిల్ దీపం: నూనె డబ్బా బొమ్మతో ఎర్రగా వెలిగేది. బండి నడుస్తుండగా ఇది వెలిగిందంటే ఇంజిన్‌లో ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని అర్థం. అర కిలోమీటరు కూడా వెళ్లొద్దు. ఆపి, సమతలంగా ఉన్నచోట ఐదు నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ తగ్గితే పోయండి. పోశాక కూడా దీపం ఆరకపోతే కారుని లాక్కెళ్లడమే మేలు. లాక్కెళ్లే ఖర్చు వేలల్లో ఉంటే, ఇంజిన్ పట్టేస్తే అయ్యే ఖర్చు దానికి ఎన్నో రెట్లు.

బ్రేకు: తొక్కిపట్టి ఉంచితే పెడల్ మెల్లగా కిందికి దిగిపోతోందా? మాస్టర్ సిలిండర్ పోయి ఉండాలి లేదా ఎక్కడో లీకు ఉండాలి. మెత్తగా స్పాంజిలా ఉంటే గొట్టాల్లో గాలి చేరింది. ఇనుముని ఇనుముతో గీకినట్టు గరగరమంటే ప్యాడ్లు పూర్తిగా అరిగిపోయాయి. ఇవేవీ 'వచ్చే నెల జీతం వచ్చాక చూద్దాం' అనుకునేవి కావు. నడుస్తుండగా బ్రేకు పట్టకపోతే పెడల్‌ని గబగబా పంపు కొట్టినట్టు తొక్కుతూ, ఒక్కో గేరూ తగ్గిస్తూ, హ్యాండ్‌బ్రేకుని కొద్దికొద్దిగా లాగండి. ఒక్కసారిగా లాగితే బండి తిరగబడొచ్చు.

పెట్రోలు వాసన: కారు లోపలగానీ బానెట్ దగ్గరగానీ పచ్చి పెట్రోలు వాసన వస్తే స్టార్ట్ చేయొద్దు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు. పాత బళ్లలో కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చాల్సి రావచ్చని 2025లో పెట్రోలియం శాఖే చెప్పింది. కాబట్టి సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడల్లా పెట్రోలు గొట్టాలు చూడమని ప్రత్యేకంగా చెప్పండి.

మెల్లగా షెడ్డుదాకా వెళ్లొచ్చు

స్టార్టవడం లేదా? తాళం తిప్పగానే టకటకటకమని చప్పుడొచ్చి, లైట్లు మసకబారితే బ్యాటరీ బలహీనపడింది. కొత్తది కొనేముందు టెర్మినళ్లు చూడండి. తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటే వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, తుడిచి, గట్టిగా బిగించండి. చాలాసార్లు జబ్బు అంతే. లైట్లు బాగా వెలుగుతూ ఒక్కసారే 'టక్'మంటే సెల్ఫ్ మోటారు చూపించాలి. సెల్ఫ్ బాగా కొడుతున్నా ఇంజిన్ అందుకోకపోతే పెట్రోలన్నా రావడం లేదు, ప్లగ్గుల్లో నిప్పన్నా పడటం లేదు. ఇంజెక్షన్ కార్లలో తాళం ఆన్ చేయగానే వెనకసీటు కిందనుంచి రెండు సెకన్లు సన్నగా పంపు రొద వినిపిస్తుంది. అది వినపడలేదని చెబితే మెకానిక్‌కి సగం పని తగ్గుతుంది.

ఇక్కడే ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది. బ్యాటరీ మాటిమాటికీ దిగిపోతోందని కొత్తది వేయిస్తారు. నెలకే అదీ దిగిపోతుంది. అసలు జబ్బు బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్‌ది. మన షెడ్లలో డైనమో అంటారే, అదే. మీటరు పెట్టి చూస్తే చాలు. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, ఇంజిన్ నడుస్తున్నప్పుడు సుమారు 13.8 నుంచి 14.4 మధ్య చూపాలి. నడుస్తున్నప్పుడు కూడా 12 దగ్గరే ఉంటే తప్పు డైనమోదే. ఒక్క నిమిషం పరీక్ష వేల రూపాయలు మిగులుస్తుంది.

చప్పుళ్లు: స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తీసుకుంటున్నప్పుడు కటకటమంటే డ్రైవ్‌షాఫ్ట్ చివరి జాయింటు అరిగింది. దానిమీది రబ్బరు తొడుగు చిరిగి, గ్రీజు పోయి, దుమ్ము చేరడం వల్లే చాలావరకు ఇలా అవుతుంది. తొడుగు చిరిగినప్పుడే మారిస్తే చవగ్గా పోతుంది. వేగం పెరిగేకొద్దీ 'హూఁ'మని పెరిగే మోత చక్రం బేరింగ్‌ది కావచ్చు. గుంటల్లో డబడబమంటే బుష్షులు, బాల్‌జాయింట్లు చూపించాలి. బాల్‌జాయింటు బాగా వదులైతే చక్రం ఊడివచ్చే ప్రమాదముంది. ఆలస్యం వద్దు. 80 కిలోమీటర్ల వేగంలో స్టీరింగ్ వణికితే ముందు చక్రాల బ్యాలెన్సింగ్ చేయించండి. బ్రేకు వేసినప్పుడే వణికితే డిస్కులు చూడాలి.

పొగ: చలికాలం పొద్దున కాసేపు తెల్లటి ఆవిరి మామూలే. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగక, కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ అనుమానించాలి. ఆయిల్ మూత అడుగున పాలమీగడలాంటి తరక కనిపిస్తే ఆ అనుమానం బలపడుతుంది. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి తుస్సుమని ఆగిపోతే వాల్వు సీళ్లు. యాక్సిలరేటర్ తొక్కినంతసేపూ వస్తుంటే పిస్టన్ రింగులు. మొదటిది చిన్నపని, రెండోది ఇంజిన్ విప్పే పని. నల్లపొగ అయితే పెట్రోలు ఎక్కువగా మండుతున్నట్టు. ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి.

క్లచ్: ఫ్లైఓవర్ ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తుంది కానీ బండి కదలదు. క్లచ్ ప్లేటు అరిగింది. కొన్నాళ్లు నడుస్తుంది కానీ దూరప్రయాణం పెట్టుకోకండి.

కనపడని బెల్టు

ఏ లక్షణం చూపకుండా దెబ్బకొట్టేది టైమింగ్ బెల్టు. పాత చిన్నకార్లలో చాలావాటికి ఇది రబ్బరుది. సుమారు లక్ష కిలోమీటర్లకి మార్చాలంటాయి చాలా మాన్యువళ్లు. తెగితే ఇంజిన్ అక్కడికక్కడే ఆగిపోతుంది. కొన్ని ఇంజిన్లలో వాల్వులు కూడా వంగిపోతాయి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవాళ్లకి అది ఎప్పుడు మార్చారో తెలియదు. బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి. మీ కారుకి బెల్టో, ఇనుప చెయినో మెకానిక్‌ని అడిగి తెలుసుకోండి.

షెడ్డుకి వెళ్లాక

మనలో చాలామంది ''బ్యాటరీ మార్చు'', ''ప్లగ్గులు మార్చు'' అంటూ మందు మనమే చెప్పేస్తాం. అతనూ మార్చేస్తాడు. జబ్బు అలాగే ఉంటుంది. డాక్టరుకి చెప్పినట్టు లక్షణం చెప్పండి. ఎప్పుడు మొదలైంది, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఏ వేగంలో, ఏసీ వేస్తేనా... ఇవన్నీ పనికొస్తాయి. ఉదాహరణకి వేడెక్కడమే తీసుకోండి. సిగ్నళ్ల దగ్గర ఆగినప్పుడు వేడెక్కి, రోడ్డెక్కాక తగ్గుతుంటే రేడియేటర్ ఫ్యానుని అనుమానించాలి. హైవే మీద వేడెక్కుతుంటే కూలెంట్ తగ్గడమో, రేడియేటర్ పూడిపోవడమో, థర్మోస్టాట్ పట్టేయడమో. ఒక్క ముక్కతో వెతకాల్సిన చోటే మారిపోతుంది.

చాలా ఊళ్లలో బోరునీళ్లు ఉప్పదేరి ఉంటాయి. కాచిన గిన్నె అడుగున పట్టే తెల్లటి పొరే రేడియేటర్‌లోనూ పడుతుంది. దారిలో తప్పనిసరైతే పోయండి గానీ, తర్వాత కడిగించి కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగంసగం కలిపి పోయించండి.

ఉంచాలా, అమ్మాలా?

పదిహేనేళ్లు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించాలి. అది ఐదేళ్లకి వస్తుంది. ఆ ఖర్చు పెట్టేముందు కారుని పైకెత్తించి అడుగున చూడండి. గొట్టాలు, బెల్టులు, బ్రేకులు, క్లచ్... ఇవన్నీ మారేవే. ఇంజిన్ పొగలేకుండా ఉంటే వాటికి ఖర్చు పెట్టొచ్చు. కానీ అడుగురేకులు, సస్పెన్షన్ బిగించే చోట్లు తుప్పుపట్టి పొడిగా రాలుతుంటే మాత్రం మమకారం వదులుకోండి. ఆ కారు ఏదైనా గుద్దుకుంటే లోపలివాళ్లని కాపాడలేదు.

ఈ ఆదివారం ఓ పది నిమిషాలు కేటాయించండి. పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి కూలెంట్, ఆయిల్, బ్రేక్ ఆయిల్ ఎక్కడున్నాయో చూసి ఓ పుస్తకంలో తేదీతో రాసుకోండి. కారు నిలిపిన చోట నేలమీద మరకలున్నాయేమో చూడండి. నాలుగు టైర్లతోపాటు స్టెప్నీలోనూ గాలి పట్టించండి. మళ్లీ ఆదివారం అదే పని. రెండువారాల అంకెల్లో తేడా ఉంటే ఎక్కడో లీకు మొదలైనట్టే.

మా బావగారి డ్యాష్‌బోర్డులో ఇప్పుడు అలాంటి పుస్తకమే ఉంది. పోయిన వారం ఫోను చేశారు. ''కూలెంట్ గీత నుంచి దిగలేదోయ్. కానీ ముందుచక్రం వైపు ఏదో సన్నగా మోత వస్తోంది. షెడ్డుకి వెళ్లమంటావా, అన్నవరం వెళ్లొచ్చాక చూపించమంటావా?'' అని అడిగారు. ముందు షెడ్డుకే అన్నాను. ఈసారి నా మాట పూర్తయ్యేదాకా ఫోను పెట్టలేదు.