తేమ 17 దాటితే మా ధాన్యం వెనక్కి. మరి మీ కారో?

మనం అమ్మేటప్పుడు రూల్స్ ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. కొనుగోలు కేంద్రంలో తేమ మిషను 17 దాటి చూపించిందా, ఆరబెట్టుకుని రమ్మంటారు, లేదంటే తరుగు తీస్తారు. ఒక్క రీడింగు. ఇంకోసారి పెట్టి చూడండి బాబూ అంటే మొహం చిట్లిస్తారు. రొయ్యల్లో యాంటీబయోటిక్ అవశేషం తేలిందంటే ఆ లాటు పోయినట్టే, ఓడెక్కి వెళ్ళిన కంటైనర్ కూడా వెనక్కొస్తుంది. గూడెం ఉల్లి మార్కెట్లో బస్తా విప్పగానే నాలుగు కుళ్ళు పాయలు కనిపిస్తే రేటు ఏమవుతుందో అక్కడికి సరుకు తోలిన వాళ్ళనడగండి.

దీని మీద నాకు గొడవ లేదు. సరుకు బాగోలేకపోతే కొనేవాడు వద్దంటాడు, అది వాడి హక్కు. నా కోపమంతా ఆ హక్కు మనం కొనేవైపు నిలబడగానే ఎటు పోతోందని. పన్నెండు లక్షలు పోసి కారు కొంటే, అది ఏడుసార్లు షెడ్డుకెళ్ళినా "నార్మలేనండి" అంటారు. మన ధాన్యానికి మిషను మాటే వేదం, వాళ్ళ కారుకి మాత్రం వాళ్ళ నోటి మాటే వేదం.

మా బావమరిది కైకలూరు పక్కన చేపల చెరువులు చేస్తాడు. కొత్త డీజిల్ కారు కొన్నాడు. కంపెనీ పేరు, షోరూమ్ పేరు ఇక్కడ రాయను, విషయం కమిషన్ ముందుకు వెళ్తోంది కాబట్టి. ఎనిమిది నెలల్లో ఏడుసార్లు షెడ్డు, మొత్తం 41 రోజులు అక్కడే. జబ్బు ఒక్కటే. హైవే మీద పోతూ ఉండగా ఇంజన్ లైటు వెలుగుతుంది, పికప్ చచ్చిపోతుంది, యాక్సిలరేటర్ నేలకి తొక్కినా 40 దాటదు. భీమడోలు దాటాక ఒకసారి ఇలాగే అయితే వెనకొచ్చే లారీ హారన్ కొట్టుకుంటూ పక్కకి కోసుకుపోయింది. కారులో ఇద్దరు పిల్లలున్నారు. ఇదీ వాళ్ళు నార్మల్ అంటున్నది.

మొదటిసారి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అన్నారు. రెండోసారి ఏదో సెన్సార్ మార్చారు. మూడోసారి మీ బంకులో ఆయిల్ బాగోలేదన్నారు. నాలుగోసారి అసలు మాట బయటపెట్టారు: "మీరు చెరువు గట్ల మీద తిప్పుతున్నారండి, డీపీఎఫ్ నిండిపోతోంది. హైవే మీద ఎక్కువ నడపండి."

డీపీఎఫ్ అంటే పొగలో మసిని పట్టే డబ్బా. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 వచ్చాక డీజిల్ కార్లకి ఇది మామూలైపోయింది. మసి నిండాక ఇంజన్ దాన్ని తనే కాల్చుకోవాలి. అందుకు బండి కాసేపు ఆగకుండా మంచి స్పీడులో నడవాలి. ఇంతవరకు వాళ్ళు చెప్పింది అబద్ధం కాదు. కానీ కొల్లేరు చుట్టుపక్కల రోడ్డు ఎలా ఉంటుందో, గట్టు మీద ఎంత స్పీడు పోవచ్చో షోరూమ్ వాళ్ళకి తెలీదా? అమ్మిన రోజు ఆధార్ జిరాక్స్ తీసుకున్నారు, అందులో ఊరి పేరుంది. ఎన్నెకరాల చెరువులండీ అనడిగి మరీ లోన్ కట్టారు. ఆ రోజు ఒక్కడైనా "మీ తిరుగుడికి ఈ డీజిల్ బండి పడదండి, పెట్రోల్ తీసుకోండి" అన్నాడా? కాబట్టి ఇందులో రెండే దారులున్నాయి. బండిలో లోపం ఉందా, అది తయారీ లోపం. లేదు, బండి బాగానే ఉంది మీ రోడ్లకే పనికిరాదు అంటారా, ఆ సంగతి దాచి అమ్మడం ఇంకో తప్పు. మూడో దారి, అంటే కొన్నవాడి డ్రైవింగే తప్పన్న దారి, నేను ఒప్పుకోను. పైగా హైవే మీద నడిపితే బాగవుతుందన్నారు. మొరాయిస్తున్నదే హైవే మీద!

ఇక అసలు మోసం ఎక్కడుందో చెప్తాను, శ్రద్ధగా చదవండి. ఇంజన్ లైటు వెలిగినప్పుడల్లా కారులోని కంప్యూటర్ ఒక ఎర్రర్ కోడ్ రాసుకుంటుంది. ఏ తప్పు జరిగిందన్నది అందులో ఉంటుంది. షెడ్డులో స్కానర్ పెడతారు, కోడ్ చూస్తారు, చెరిపేస్తారు. లైటు ఆరిపోతుంది. "క్లియర్ చేశామండి" అని తాళాలు చేతిలో పెడతారు. చెరపడం బాగుచేయడం కాదు కదా! రేపు కమిషన్ ముందు తయారీ లోపం ఉందని రుజువు చేయాల్సింది మీరు, ఆ రుజువుని ప్రతిసారీ తుడిచి పంపించేది వాళ్ళు.

జాబ్ కార్డు చూడండి. మా వాడు "హైవే మీద పికప్ పోయి బండి ఆగిపోయేలా అవుతోంది" అని చెప్తే, సర్వీస్ అడ్వైజర్ రాసుకున్నది "జనరల్ చెకప్". ఏడింటిలో నాలుగు అలాగే ఉన్నాయి. కాగితం మీద ఆ కారు ఆరోగ్యంగా ఉంది, ఊరికే పలకరించి పోవడానికి నాలుగుసార్లు షోరూమ్‌కి వచ్చింది.

దాని తర్వాత ఫోను. "సార్, కంపెనీ నుంచి కాల్ వస్తుంది, పదికి పది ఇవ్వండి సార్, లేకపోతే నా ఇన్సెంటివ్ పోతుంది." కుర్రాడు మన పక్క ఊరివాడే అయ్యుంటాడు, చూస్తే జాలేస్తుంది, మనం పది ఇచ్చేస్తాం. ఆ పది మార్కులు కంపెనీ రికార్డులోకి "కస్టమర్ సంతృప్తి చెందాడు" అని వెళ్తాయి. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. వాడి జీతాన్ని మన నోరు మూయించడానికి అడ్డం పెట్టినవాడి మీదుంది.

అయితే తిట్టాల్సింది వాళ్ళనొక్కళ్ళనే కాదు. మనల్నీ తిట్టుకోవాలి. మా వాడి సంగతి తెలిశాక ఊళ్ళో పెద్దమనుషులు ఇచ్చిన సలహా ఏంటో తెలుసా? "ఎందుకొచ్చిన గోల, విజయవాడ తీసుకెళ్ళి ఎవడికో ఇచ్చేసెయ్. కాగితాలు శుభ్రంగానే ఉన్నాయిగా." ఉన్నాయి మరి, జనరల్ చెకప్ అని రాసింది అందుకేగా. పాడిగేదెని కొనేటప్పుడు రెండు పూటలా పాలు పిండించి చూసుకునే మనం, తన్నే గేదెని తన్నదని చెప్పి అమ్మినవాణ్ణి సంతలో ఏమంటామో గుర్తుందా? కారు విషయంలో అదే పని చేస్తే తెలివంటున్నాం. ఆ కారు కొనేవాడు నిడమర్రు రైతో, ఆకివీడు మేస్త్రీనో అయ్యుంటాడు. వాడి పిల్లలు కూర్చుంటారు భీమడోలు దగ్గర, లారీ ముందు. మా బావమరిది అమ్మనన్నాడు. నెలనెలా ఈఎమ్ఐ కడుతూ, బంధువుల బైకుల మీద తిరుగుతూ అమ్మనన్నాడు. నేను ఈ పోస్టు రాస్తున్నది ఆ ఒక్క మాట కోసం.

చట్టం ఏమంటుందో చూద్దాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 39వ సెక్షన్ ప్రకారం జిల్లా కమిషన్ లోపం సరిచేయమనచ్చు, కొత్తది ఇవ్వమనచ్చు, డబ్బు వడ్డీతో వెనక్కివ్వమనచ్చు, నష్టపరిహారం ఇప్పించచ్చు. కంపెనీ లాయర్లు మాత్రం 2006 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఒకటి పట్టుకొస్తారు, మారుతి కంపెనీకీ సుశీల్ కుమార్ గబ్‌గోత్రా అనే ఆయనకీ నడిచిన కేసు. వారంటీలో పాడైన పార్టు మార్చుతామనే రాశాం, కారు మార్చుతామని రాయలేదు అన్నది ఆ వాదన, కోర్టు ఒప్పుకుంది. ఇది మనకి ఎదురు తీర్పే, దాచడం ఎందుకు. కానీ 2010లో ఫియట్ మీద సి.ఎన్. అనంతరామ్ కేసులో అదే సుప్రీంకోర్టు, స్వతంత్ర నిపుణుడు పరీక్షించి తయారీలోనే లోపం ఉందని తేలిస్తే కారు ధర, లైఫ్ ట్యాక్స్, ఈఎమ్ఐలతో సహా వడ్డీ కట్టి ఇవ్వాలంది. అంటే మొత్తం ఆట నిపుణుడి కాగితం మీద ఉంది. అందుకే ఆ ఎర్రర్ కోడ్ల మీద నా పట్టుదల.

హైదరాబాద్‌లో ఒక కేసుంది. జీవీఆర్ ఇండియా ప్రాజెక్ట్స్ అనే కంపెనీ 2009 సెప్టెంబరు 25న బీఎండబ్ల్యూ 7 సిరీస్ కారు కొంది. నాలుగు రోజులకే లోపం బయటపడింది, నవంబరులో మళ్ళీ వచ్చింది. పోలీసు కేసు పెట్టారు. 2012లో హైకోర్టు ఆ కేసు కొట్టేస్తూనే కొత్త కారు ఇమ్మంది. బీఎండబ్ల్యూ వాళ్ళు ఇస్తామన్నారు, కొన్నవాళ్ళు వద్దు, డబ్బే వడ్డీతో కావాలన్నారు. వ్యవహారం సుప్రీంకోర్టుకెళ్ళి 2024 జులై 10న తేలింది: 50 లక్షలు కట్టి తెంచుకోండి అని. పదిహేనేళ్ళు! లాయర్ని పెట్టుకోగలిగిన కంపెనీకే పదిహేనేళ్ళు పడితే చెరువు మేత బాకీలున్న మనిషి మాటేమిటి? (మధ్యలో కొత్త కారు తీసుకునుంటే అక్కడితో అయిపోయేది కదా అని నాకూ అనిపిస్తుంది. ఇస్తామన్నప్పుడు ఆలోచించుకోండి.)

మనకి దగ్గరైన తీర్పు ఇంకోటుంది, అది కారుది కాదు, విత్తనాలది. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు గెలిచిన కేసు, ఎం. మధుసూదన్ రెడ్డి పేరు మీద ఉంటుంది, 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. రైతు వినియోగదారుడే కాదన్నారు, కోర్టు కొట్టేసింది. శాంపిల్ ల్యాబ్‌కి పంపలేదుగా అన్నారు. విత్తనమంతా చల్లేసిన రైతు పరీక్ష కోసం దాచిపెడతాడా, కావాలంటే ఆ లాటు మీ దగ్గరే ఉందిగా, మీరే పరీక్ష చేయించాల్సింది అన్న అర్థంలో చెప్పింది కోర్టు. నేనడిగేదీ అదే న్యాయం. సాక్ష్యం ఎవడి స్కానర్లో ఉందో వాడే చూపించాలి.

అమెరికాలో దీనికి లెక్కలున్నాయి. టెక్సాస్‌లో ఒకే లోపానికి నాలుగుసార్లు బాగుచేసే అవకాశం ఇచ్చినా పోకపోతే, లేదా మొదటి రెండేళ్ళలో మొత్తం 30 రోజులు షెడ్డులో ఉంటే, కారు మార్చమనో డబ్బివ్వమనో గట్టిగా అడగచ్చు. షరతులు కొన్ని ఉన్నాయి, కానీ లెక్కంటూ ఉంది. మన గూడెం పిల్లలు డల్లాస్‌లో ఆ చట్టం కింద బతుకుతున్నారు. అలాంటి పాడు కారుని అక్కడ నిమ్మకాయ అంటారు, చట్టం పేరే నిమ్మకాయ చట్టం. మనమేమో ద్వారకా తిరుమలలో కొత్త కారు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, దిష్టి పోయిందనుకుని ఇంటికొస్తాం. ఏలూరు నిమ్మ మార్కెట్లో ఈ మాట చెప్తే నవ్వుతారు. మన చట్టంలో ఎన్నిసార్లు, ఎన్ని రోజులు అన్న అంకె లేదు. మోటారు వాహనాల చట్టంలో 110ఏ కింద రీకాల్ ఉంది గానీ అది చాలామంది ఫిర్యాదు చేసి, జనానికి ప్రమాదమని తేలితే కదిలే సంగతి. మా వాడి 41 రోజులు టెక్సాస్‌లో ఒక హక్కు, ఏలూరులో ఒక కథ. ఆ అంకె చట్టంలోకి రావాలని మన ఎంపీలని అడగండి. ఓట్లకి వచ్చినప్పుడు వాళ్ళెక్కొచ్చేవీ కార్లేగా.

అప్పటిదాకా చేయగలిగింది చెప్తాను. జాబ్ కార్డులో మీ మాటలే రాయించండి, జనరల్ చెకప్ అని రాస్తే సంతకం పెట్టొద్దు. కోడ్ చెరిపే ముందు స్కాన్ రిపోర్టు ప్రింటు అడగండి, ఇవ్వమంటే ఇవ్వనన్నారని అక్కడే మెయిల్ పెట్టండి. లైటు వెలిగినప్పుడు పక్కవాళ్ళ చేత వీడియో తీయించండి, కిలోమీటర్లు కనపడేలా. పది మార్కుల ఫోనుకి నిజం చెప్పండి. కారు తిరిగిచ్చేయాలంటే తాళాలు బల్ల మీద విసిరేసి రావడం కుదరదు, పార్కింగ్ చార్జీల నోటీసు పంపేవాళ్ళున్నారు. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఎందుకు వదిలేస్తున్నారో రాసి, ముద్ర వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టు. డీలర్‌కీ కంపెనీకీ ఇద్దరికీ. ఒకరికే పంపితే రెండోవాడి మీదకి తోస్తారు. కోపంతో ఈఎమ్ఐ మాత్రం ఆపకండి, బ్యాంకుకి కారు జబ్బుతో పని లేదు, సిబిల్ మీకే పోతుంది.

కేసు పెట్టడానికి రెండేళ్ళే గడువు. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే, మీరుండే జిల్లాలోనే వేయచ్చు. ఐదు నుంచి పది లక్షల లోపు ధరకి ఫీజు 200, ఇరవై లక్షల దాకా 400 రూపాయలు. లాయర్ తప్పనిసరి కాదు. ముందు 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవచ్చు. చెరువులు చేస్తున్నారు కాబట్టి ఇది వ్యాపారం, మీరు వినియోగదారులు కారు అంటారు, బెదరకండి. బతుకుదెరువుకి సొంతంగా వాడుకునేది వ్యాపార అవసరం కిందకి రాదని చట్టంలోనే ఉంది. ఫారమ్ పేరు మీద కాకుండా సొంత పేరు మీద కొంటే ఈ తలనొప్పి ఇంకా తక్కువ.

మా వాడు పోయిన సోమవారం కారు వదిలేసి వచ్చాడు. మేనేజర్ లేడని ముద్ర వేయలేదు, పోస్టులో పంపాం, అందినట్టు కాగితం వచ్చింది. కమిషన్‌కి వేసే ఫిర్యాదులో స్వతంత్ర నిపుణుడితో పరీక్ష కోరుతున్నాం. ఏలూరు, గూడెం, ఆకివీడు, మండవల్లి వైపు డీజిల్ బండితో ఇదే తంతు పడుతున్నవాళ్ళెవరైనా ఉంటే మీ జాబ్ కార్డుల జిరాక్సులు తీసిపెట్టండి. ఒకే లోపం ఉన్నవాళ్ళు కమిషన్ అనుమతితో కలిసి కూడా వేయచ్చు. ఆదివారం పొద్దున మేం కైకలూరులోనే ఉంటాం, కాగితాలు పట్టుకుని రండి.